టీవీలో బొమ్మ, సౌండ్ తేడా చేస్తే: మెకానిక్‌ని పిలిచే ముందు ఇంట్లోనే చేసుకునే పరీక్షలు

పోయిన వర్షాకాలంలో ఒకరింటికి వెళ్లాను. నలభై మూడు అంగుళాల టీవీ. "ప్యానెల్ పోయిందన్నారు బాబూ, అది మార్చేకంటే కొత్త టీవీ కొనుక్కోవడమే మేలన్నారు" అని ఆ ఇంటి పెద్దావిడ దిగులుగా చెప్పారు. తెర నిండా గళ్లు. బొమ్మ ఉన్నట్టుండి ఆగిపోతోంది, సౌండ్ ముక్కలు ముక్కలుగా తెగుతోంది. నేను టీవీ రిమోట్ తీసుకుని మెనూ బటన్ నొక్కాను. ఆ గళ్ల బొమ్మ మీదే మెనూ అద్దంలా వచ్చింది, అక్షరాల అంచులు కూడా చెదరలేదు. ప్యానెల్, అంటే బొమ్మ చూపించే తెరే పోయి ఉంటే మెనూ మాత్రం బాగా ఎలా వస్తుంది? మేడెక్కి చూస్తే డిష్ దగ్గర వైరు చివర్లోకి నీళ్లు చేరి రాగి తీగకి పచ్చగా చిలుము పట్టింది. రెండు జానల వైరు కోసేసి కొత్త కనెక్టర్ బిగించాం. బొమ్మ ఎప్పటిలా వచ్చింది.

ఇరవై ఏళ్లకు పైగా ఇదే పనిలో ఉన్నాను. "టీవీ పోయింది" అని పిలిచిన ఇళ్లలో చాలాచోట్ల టీవీ నిక్షేపంగా ఉంటుంది. తప్పు డిష్‌లోనో, వైరులోనో, సెట్‌టాప్ బాక్స్‌లోనో, పిల్లలు తెలియక మార్చిన సెట్టింగ్‌లోనో ఉంటుంది. ఈ తేడా తెలియకే జనం డబ్బు పోగొట్టుకుంటున్నారు. నేను ఒకరింటికి వెళ్తే ఏ వరసలో చూస్తానో ఆ వరసే ఇక్కడ రాస్తున్నాను. టీవీ రిమోట్, బాక్స్ రిమోట్, ఒక టార్చి, దొరికితే బాక్స్ నుంచి టీవీకి బొమ్మనీ సౌండ్‌నీ తెచ్చే హెచ్‌డీఎంఐ వైరు ఇంకోటి దగ్గర పెట్టుకోండి. స్క్రూడ్రైవర్‌తో పని లేదు.

స్క్రూడ్రైవర్ వద్దని ఊరికే అనట్లేదు. గోడ ప్లగ్గులో ఉండే 230 వోల్టుల కరెంటు టీవీ లోపల పవర్ బోర్డులో డీసీగా మారి, పెద్ద కెపాసిటర్‌లో 325 వోల్టులో అంతకంటే ఎక్కువో నిలవ ఉంటుంది. ప్లగ్గు పీకేసిన తర్వాత కూడా కాసేపు అది అక్కడే ఉండొచ్చు. పాత డబ్బా టీవీల పిక్చర్ ట్యూబ్ దగ్గరైతే ఇరవై వేల వోల్టులు దాటుతుంది. కింద రాసినవన్నీ మూత విప్పకుండా బయటి నుంచి చేసేవే.

అన్నిటికంటే ముందు మెనూ బటన్

బొమ్మ మీ కంటిదాకా రావాలంటే మూడు చోట్లు దాటాలి. మొదటిది సిగ్నల్ పుట్టే చోటు, అంటే డిష్, కేబుల్, వైఫై, సెట్‌టాప్ బాక్స్. రెండోది బాక్స్ నుంచి టీవీకి వచ్చే వైరు. మూడోది టీవీ. రోగం ఈ మూడింటిలో ఎక్కడుందో తేలితే సగం పని అయినట్టే. అది తేల్చడానికి టీవీ మెనూ కంటే మంచి సాధనం లేదు, ఎందుకంటే ఆ మెనూని టీవీ తనే గీస్తుంది. డిష్‌తో, వైరుతో దానికి సంబంధం లేదు.

తప్పు కనిపిస్తున్నప్పుడే టీవీ రిమోట్‌తో మెనూ తెరవండి. బాక్స్ రిమోట్‌తో తెరిస్తే వచ్చేది బాక్స్ మెనూ, అది ఈ పరీక్షకు పనికిరాదు. చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు. మెనూ తేటగా ఉండి వెనక బొమ్మ మాత్రమే పాడుగా ఉంటే టీవీ బాగున్నట్టే, బాక్స్ వైపో వైరు వైపో చూడాలి. గీతలు, మచ్చలు, రంగు తేడా మెనూని కూడా కోసుకుంటూ పోతుంటే తప్పు టీవీది.

ఇప్పుడు బాక్స్ మెనూ కూడా తెరవండి. టీవీ మెనూ బాగుండి బాక్స్ మెనూ మినుకుమినుకుమంటుంటే మధ్యలో వైరు. రెండు మెనూలూ బాగుండి చానల్ మాత్రమే గళ్లు గళ్లుగా ఉంటే మేడ మీది డిష్, లేదా కేబుల్ లైను.

సౌండ్‌కీ ఇలాంటి పరీక్షే ఉంది. పెన్‌డ్రైవ్‌లో ఒక పాట వేసి టీవీ వెనక యూఎస్‌బీలో పెట్టండి. స్మార్ట్ టీవీ అయితే టీవీలోనే యూట్యూబ్ తెరవండి. అక్కడ సౌండ్ బాగా వస్తుంటే టీవీ స్పీకర్లలో తప్పు లేదు.

కరెంటు తీసి మళ్లీ పెట్టడం

రిమోట్‌తో ఆపి మళ్లీ వేస్తే సరిపోదు. రిమోట్‌తో ఆపినప్పుడు టీవీ నిద్రపోతుందే తప్ప లోపలి మెమరీ ఖాళీ అవదు.

1. టీవీ, బాక్స్, సౌండ్‌బార్ అన్నిటి ప్లగ్గులూ గోడ నుంచి పీకండి.
2. టీవీకి ఉన్న పవర్ బటన్‌ని అరనిమిషం నొక్కి పట్టుకోండి. అది టీవీ కింద అంచునో వెనకో ఉంటుంది.
3. హెచ్‌డీఎంఐ వైరు రెండు చివరలూ తీసి, మళ్లీ తిన్నగా, గట్టిగా గుచ్చండి.
4. ఐదు నిమిషాలు ఆగి ముందు టీవీ, తర్వాత బాక్స్ వేయండి.

"సౌండ్ ఉంది, బొమ్మ లేదు" అనే ఫిర్యాదుల్లో కొన్ని ఇక్కడే తీరిపోతాయి. హెచ్‌డీఎంఐలో బాక్స్, టీవీ ఒకదాన్నొకటి గుర్తుపట్టి, కాపీ రక్షణ తాళం సరిచూసుకున్నాకే బొమ్మ వెళ్తుంది. ఆ పలకరింపు మధ్యలో తెగితే తెర నల్లగా ఉండిపోతుంది. మళ్లీ మొదటి నుంచి పలకరించుకునేలా చేయడమే ఈ పని.

బొమ్మ అసలు రాకపోతే

చిన్న ఎర్ర లైటు వెలుగుతోందా? అదీ లేకపోతే ముందు ప్లగ్గును అనుమానించండి. అదే ప్లగ్గులో సెల్ ఛార్జర్ పెట్టి చూడండి. ఎక్స్‌టెన్షన్ బాక్స్ తీసేసి నేరుగా గోడకి పెట్టండి. టీవీ వెనక పవర్ కార్డు ఊడొచ్చే రకమైతే దాన్నీ ఒకసారి తీసి పెట్టండి. లైటు వెలుగుతూ టీవీ రాకపోతే రిమోట్‌ని అనుమానించాలి. టీవీ మీది బటన్ నొక్కితే వస్తుందేమో చూడండి. సెల్ కెమెరా ముందు రిమోట్ పట్టుకుని ఏదో బటన్ నొక్కితే రిమోట్ కొనలోని బుడ్డి లైటు సెల్ తెర మీద వెలుగుతూ కనిపించాలి. కొన్ని ఫోన్ల వెనక కెమెరాలో అది కనిపించదు, సెల్ఫీ కెమెరాతో చూడండి. బ్లూటూత్ రిమోట్లకు ఈ పరీక్ష పనిచేయదు.

లైటు ఆగి ఆగి వెలుగుతుంటే ఎన్నిసార్లు వెలిగి ఆగుతోందో లెక్కపెట్టి రాసుకోండి. చాలా కంపెనీలు లోపల ఏది పోయిందో ఈ లెక్కతోనే చెబుతాయి.

టీవీ వేశారు, సౌండ్ వస్తోంది, తెర మాత్రం చీకటి. ప్లగ్గు పీకి పెట్టినా అంతే. అప్పుడు రాత్రిపూట గదిలో లైట్లన్నీ ఆర్పి, టార్చిని తెరకు దగ్గరగా ఏటవాలుగా పట్టుకుని పరీక్షగా చూడండి. నీళ్ల అడుగున ఉన్నట్టు మసకమసకగా మనుషులు కదులుతూ కనిపిస్తే బొమ్మ పుడుతోందన్నమాట. దాన్ని వెలిగించే బ్యాక్‌లైట్ పోయింది. మనం ఎల్‌ఈడీ టీవీ అని పిలిచే వాటిలో ఎక్కువ భాగం ఎల్‌సీడీ ప్యానెళ్లే, వెనక ఎల్‌ఈడీ దీపాల పట్టీలు ఉంటాయి. ఆ దీపాలు ఒకదాని తర్వాత ఒకటి దండలా గుచ్చి ఉంటాయి కాబట్టి ఒక్కటి తెగినా దండంతా ఆరిపోవచ్చు. పట్టీలు మార్చితే టీవీ బతుకుతుంది. ఈ తేడా తెలియక "ప్యానెల్ పోయింది" అన్న మాట నమ్మి మంచి టీవీలను పాత సామాన్లవాడికి ఇచ్చేసిన ఇళ్లు నేను చూశాను. నాకు మనసు కష్టమయ్యే విషయాల్లో అదొకటి.

తెర మీద తెల్లటి గుండ్రటి వెలుగు మచ్చలు వచ్చినా తప్పు బ్యాక్‌లైట్‌దే. ఒక్కో దీపం మీద వెలుగును పరిచే చిన్న ప్లాస్టిక్ లెన్స్ ఉంటుంది. వేడికి జిగురు ఎండి అది ఊడిపోతే కింద దీపం సూటిగా కొడుతుంది. బొమ్మంతా ఊదారంగులోకి తిరిగినా ఎక్కువగా దీపాల పూత చెడిందనే అర్థం. ఈ రెండింటికీ ప్యానెల్ మార్చక్కర్లేదు. ఇంకా ఈ బాధ రాని వాళ్లు ఇవాళే ఒక పని చేయండి. మెనూలో బ్యాక్‌లైట్ నూటికి నూరు పెట్టి ఉంటే యాభైకో అరవైకో తగ్గించండి. ఇంట్లో చూడటానికి అది చాలు. వేడి తగ్గితే ఆ పట్టీలు ఎక్కువ కాలం మన్నుతాయి.

ఇంకో మామూలు సంగతి. "నో సిగ్నల్" అని టీవీ రాస్తోందంటే టీవీ బతికే ఉంది. రిమోట్‌లో సోర్స్ లేదా ఇన్‌పుట్ బటన్ నొక్కి బాక్స్ ఏ హెచ్‌డీఎంఐలో ఉందో అక్కడికి వెళ్లండి. పిడుగుల రోజు తర్వాత ఒక హెచ్‌డీఎంఐ పని మానేసి మిగతావి బాగుంటే ఆ పోర్టు కాలిపోయి ఉండొచ్చు. వైరును పక్క పోర్టులోకి మార్చుకుని హాయిగా వాడుకోండి, దాని కోసం బోర్డు మార్చాల్సిన పని లేదు.

గళ్లు పడటం, ఆగి ఆగి రావడం

ముందు పక్కింట్లో అడగండి. కేబుల్ కనెక్షన్ అయితే వాళ్లకీ అలాగే ఉంటే లైను తప్పు, కేబుల్ ఆయనకి ఫోన్ చేస్తే సరి. డీటీహెచ్ అయితే బాక్స్ మెనూలో సిగ్నల్ చూపించే పేజీకి వెళ్లండి. అక్కడ స్ట్రెంత్ అని ఒకటి, క్వాలిటీ అని ఒకటి ఉంటాయి. క్వాలిటీనే చూడాలి. స్ట్రెంత్ నిండుగా ఉండి క్వాలిటీ సున్నా ఉంటే వైరులో కరెంటు నడుస్తోంది గానీ డిష్ శాటిలైట్ వైపు చూడట్లేదని అర్థం. డిజిటల్ సిగ్నల్ పాత యాంటెన్నా లాంటిది కాదు. అప్పట్లో సిగ్నల్ తగ్గితే చుక్కలు చుక్కలుగా అయినా బొమ్మ కనిపించేది. ఇప్పుడు ఒక హద్దు దాకా అద్దంలా ఉంటుంది, హద్దు దాటగానే గళ్లు పడి ఆగిపోతుంది.

వానకి రావట్లేదంటే రెండు రకాలు. డిష్‌కి వచ్చే కేయూ బ్యాండ్ తరంగాలు రెండున్నర సెంటీమీటర్ల పొడవే ఉంటాయి, జోరువాన వాటిని మింగేస్తుంది. కుండపోతలో పది, ఇరవై నిమిషాలు పోయి వస్తే అది సహజం, ఎవరినీ పిలవొద్దు. చిన్న తుంపరకే పోతోందంటే మాత్రం డిష్ కొంచెం పక్కకు జరిగిందనో, కనెక్టర్ పాడైందనో అనుకోవాలి.

మార్చి నెల మొదటి సగంలోనూ, మళ్లీ సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లోనూ కొన్ని రోజులు ఎండ కాస్తున్న పగటివేళ దాదాపు ఒకే సమయానికి కొద్ది నిమిషాలు సిగ్నల్ పోతుంది. సూర్యుడు సరిగ్గా శాటిలైట్ వెనక్కి వచ్చి డిష్‌లోకి గురిపెట్టి చూసే రోజులవి. దాని రొద ముందు శాటిలైట్ గొంతు వినిపించదు. దానికి మందు లేదు, అవసరమూ లేదు.

ఇక మేడ ఎక్కండి. పిట్టగోడ లేని డాబా అయితే, తడిగా ఉంటే ఎక్కకండి. కోతులు డిష్ మీద ఊగి తిప్పేయడం పల్లెల్లో మామూలైపోయింది. బట్టలు ఆరేసుకునే తాడు డిష్ స్తంభానికి కట్టడం ఇంకో తప్పు, తడి దుప్పటి బరువుకి స్తంభం వంగుతుంది. మన ప్రాంతంలో డిష్‌లు దక్షిణానికీ తూర్పుకీ మధ్య చూస్తుంటాయి. డీడీ ఫ్రీ డిష్ వచ్చే జీశాట్-15 తూర్పు రేఖాంశం 93.5 డిగ్రీల దగ్గర ఉంది. హైదరాబాద్ నుంచి చూస్తే అది ఆగ్నేయంగా, ఆకాశంలో 60 డిగ్రీలు దాటిన ఎత్తున ఉంటుంది. డిష్ ముఖం చూస్తే ఎదురుగా చూస్తున్నట్టు అనిపిస్తుంది కానీ దాని చూపు అంతకంటే పైకి ఉంటుంది. అందుకే దూరంగా ఉన్న మేడ అడ్డం రాదు, దగ్గర్లో పెరిగిన కొబ్బరి మట్ట వస్తుంది. గాలి వీచినప్పుడే గళ్లు పడుతున్నాయంటే ముందు చెట్టు కొమ్మలు చూడండి.

కనెక్టర్ సంగతి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ఎక్కువ ఇళ్లలో తప్పు ఇక్కడే ఉంటుంది. ముందు కింద బాక్స్ ప్లగ్గు పీకించండి. బాక్స్ నుంచి ఎల్‌ఎన్‌బీకి, అంటే డిష్ ముందు కాడ చివర సిగ్నల్ అందుకునే డబ్బాకి, అదే వైరులో 13 లేదా 18 వోల్టులు వెళ్తుంటాయి. మనిషికి అది ప్రమాదం కాదు గానీ, వైరు పట్టుకున్నప్పుడు మధ్య తీగ బయటి జాలికి తగిలితే బాక్స్ దెబ్బతినొచ్చు. ఎల్‌ఎన్‌బీ దగ్గర కనెక్టర్ మర విప్పి మధ్య రాగి తీగను చూడండి. కొత్త రాగిలా మెరుస్తుంటే మంచిది. నల్లగా గానీ పచ్చగా గానీ ఉంటే, లోపలి తెల్లటి నురగ గోధుమరంగుకి తిరిగి ఉంటే నీళ్లు దిగినట్టు. శుభ్రంగా కనిపించేదాకా వైరు కోసేయండి. పైతొడుగును ఒకటిన్నర సెంటీమీటర్ల మేర వలిచి, వెండిలా ఉండే జాలిని వెనక్కి మడవండి. తెల్లటి నురగను కోసి మధ్య తీగను బయటికి తీయండి. కనెక్టర్ బిగించాక ఆ తీగ అంచు దాటి మూడు మిల్లీమీటర్లు కనపడాలి. జాలిలోని వెంట్రుకంత తీగ ఒక్కటి మధ్య తీగను తాకినా మొత్తం పని పాడవుతుంది, అందుకని వెలుగులో పెట్టి మరీ చూడండి. చివరికి రబ్బరు మూత తొడిగి, వైరు కనెక్టర్‌లోకి వెళ్లే ముందు కిందికి ఒక వంపు తిరిగేలా వదలండి. వాన నీరు ఆ వంపు దగ్గర చుక్కలుగా రాలిపోతుంది, కనెక్టర్‌లోకి పాకదు.

ఫ్రీ డిష్ వాడేవాళ్లకు ఒక మాట. బొమ్మను కుదించి పంపే పద్ధతుల్లో పాతది ఎంపెగ్-2, కొత్తది ఎంపెగ్-4. పాత ఎంపెగ్-2 బాక్స్ ఉంటే ఎంపెగ్-4 పద్ధతిలో వచ్చే చానళ్లు అందులో ఎప్పటికీ రావు. డిష్ తిప్పించి లాభం లేదు, బాక్స్ మార్చుకోవాలి.

గీతలు, మచ్చలు

మెనూ మీదుగా కూడా నిలువు గీతలు, సగం తెర చీకటి, సాలెగూడు లాంటి పగులు కనిపిస్తుంటే తప్పు టీవీ లోపల ఉంది. పగులుకు ప్యానెల్ మార్చడమే దారి. సన్నటి నిలువు గీత ఒకటీ రెండూ శాశ్వతంగా నిలబడితే ప్యానెల్ అంచున రిబ్బన్‌లా అతికించిన చిప్పుల దగ్గర అతుకు ఊడి ఉంటుంది. బొమ్మంతా ఫొటో నెగటివ్‌లా రంగులు తిరగబడితేనో, సగం తెర ఒకటే పోతేనో ప్యానెల్‌కి బొమ్మను అందించే టీకాన్ బోర్డు, దాని రిబ్బన్ వైరు ముందు చూడమని మెకానిక్‌ని అడగండి. ప్యానెల్ కంటే అవి చాలా చవక.

ఆ చిప్పులు చాలా టీవీల్లో తెర కింది అంచునే ఉంటాయి. తెర మీద నేరుగా స్ప్రే కొట్టి తుడిస్తే నీళ్లు జారి ఆ అంచులోకే దిగుతాయి. పండగ ముందు ఇల్లు శుభ్రం చేశాక టీవీ పోయిందని వచ్చే కేసులకు ఇదో ముఖ్య కారణం. తెర చల్లారాక మెత్తటి పొడి గుడ్డతో తుడవండి. మరక పోకపోతే గుడ్డని తడిపి, గట్టిగా పిండి తుడవండి. తెర మీదికి నీళ్లు వెళ్లకూడదు.

గోడకి బిగించిన టీవీల వెనక బల్లులు చేరతాయి, ఆ వెచ్చదనం వాటికి ఇష్టం. గాలి రంధ్రాల గుండా లోపలికి దూరి బోర్డు మీద రెండు చోట్ల ఒకేసారి కాలు పెడితే షార్ట్ అవుతుంది. టీవీ వెనక బల్లి రెట్టలు కనిపిస్తే మెకానిక్‌కి తప్పకుండా చెప్పండి, ఎక్కడ వెతకాలో అతనికి తెలుస్తుంది.

రంగులు, ఆకారం

ఇవి దాదాపు అన్నీ సెట్టింగులే. బొమ్మ నలుపు తెలుపులో వస్తోందా? పసుపు, తెలుపు, ఎరుపు పిన్నుల ఏవీ వైరు వాడుతుంటే పసుపు పిన్ను బొమ్మకు, తెలుపు ఎడమ సౌండ్‌కు, ఎరుపు కుడి సౌండ్‌కు. పసుపును పొరపాటున ఆకుపచ్చ రంధ్రంలో పెడితే రంగులు పోవచ్చు. కొన్ని టీవీల్లో ఏవీకి కూడా ఆకుపచ్చ రంధ్రమే వాడాలి, అప్పుడు ఇన్‌పుట్‌లో కాంపొనెంట్ కాకుండా ఏవీ ఎంచుకోవాలి. కలర్ సిస్టమ్ అన్నచోట ఎన్‌టీఎస్‌సీ ఉంటే పాల్‌కో ఆటోకో మార్చండి, మన దేశంలో వాడేది పాల్. హెచ్‌డీ బాక్స్ ఉండి కూడా ఇంకా ఈ మూడు పిన్నుల వైరే వాడుతుంటే దాన్ని తీసేయండి. దానిలో హెచ్‌డీ బొమ్మ రాదు.

మనుషులు పొట్టిగా, లావుగా కనిపిస్తే పాత 4:3 చానల్‌ని 16:9 తెరకు సాగదీస్తున్నారు. బాక్స్‌లోనూ టీవీలోనూ రెండుచోట్లా ఆస్పెక్ట్ రేషియో చూడండి. కింద స్క్రోలింగ్ వార్తలు కోసుకుపోతుంటే జస్ట్ స్కాన్ లేదా స్క్రీన్ ఫిట్ అనే ఎంపిక పెట్టండి.

రంగులు కళ్లు చెదిరేలా ఉండి, మీరు ఎంత మార్చినా కాసేపటికి మళ్లీ అలాగే అయిపోతుంటే టీవీ షాపు మోడ్‌లో ఉంది. సెట్టింగుల్లో స్టోర్ లేదా రిటైల్ మోడ్ తీసి హోమ్ పెట్టండి. సినిమా చూస్తుంటే సీరియల్ షూటింగ్ పక్కన నిలబడి చూస్తున్నట్టు నున్నగా అనిపిస్తే, అది సెకనుకు 24 ఫ్రేములతో తీసిన సినిమాకు టీవీ తన సొంత ఫ్రేములు కలపడం వల్ల. ఎల్‌జీలో ట్రూమోషన్, సోనీలో మోషన్‌ఫ్లో అని ఉంటుంది, ఆపేయండి. నేను ప్రతి ఇంట్లోనూ అడగకపోయినా ఇది ఆపి వస్తాను. ఎవరూ మళ్లీ పెట్టమని అడగలేదు.

ఓటీటీలో మాత్రమే బొమ్మ మసకగా వస్తుంటే తప్పు ఇంటర్నెట్‌ది. నెట్‌ఫ్లిక్స్ తన లెక్కలో ఫుల్ హెచ్‌డీకి 5 ఎంబీపీఎస్, 4కెకి 15 ఎంబీపీఎస్ కావాలంటుంది. రూటర్ దగ్గర సెల్‌లో వచ్చే వేగం కాదు, టీవీ ఉన్నచోట వచ్చే వేగం చూడాలి. దగ్గర్లో అయితే 5 గిగాహెర్ట్‌జ్ వైఫై, రెండు గోడల అవతల అయితే 2.4. అన్నిటికన్నా లాన్ వైరు మేలు.

సౌండ్

సౌండ్ అసలు రాకపోతే: టీవీ మ్యూట్, బాక్స్ మ్యూట్ రెండూ వేర్వేరు. రెండు రిమోట్లతోనూ వాల్యూమ్ పెంచండి. బాక్స్ వాల్యూమ్ నిండుగా ఉంచి టీవీతో తగ్గించుకోవడం మంచి పద్ధతి. తర్వాత సెట్టింగుల్లో సౌండ్ అవుట్‌పుట్ ఎక్కడుందో చూడండి. ఎప్పుడో కలిపిన బ్లూటూత్ స్పీకర్‌కో, ఆప్టికల్‌కో వెళ్తుంటే టీవీ మూగగా ఉంటుంది. టీవీ స్పీకర్ అని మార్చండి. కొన్ని హెచ్‌డీ చానళ్లలో మాత్రమే సౌండ్ లేకపోతే బాక్స్ డాల్బీ పంపుతోంది, అందుకునే పరికరానికి ఆ భాష తెలియదు. బాక్స్‌లో డిజిటల్ ఆడియోని పీసీఎం లేదా స్టీరియోకి మార్చండి.

పాట సంగీతం వినిపిస్తోంది, పాడేవాళ్ల గొంతు మాయం. సినిమాలో హోరు ఉంది, మాటలు లేవు. ఈ ఫిర్యాదు విని జనం చానల్‌ని తిడతారు. తప్పు వైరులో ఉంటుంది. హోమ్ థియేటర్ ఉంటే 5.1 సౌండ్‌లో మాటలన్నీ మధ్య స్పీకర్ నుంచే వస్తాయి. దాని వైరు ఊడితే మాట పోయి మోత మిగులుతుంది. మామూలు స్పీకర్లయితే 3.5 మిల్లీమీటర్ల పిన్ను సగం దూరిందేమో చూడండి. ఆ పిన్నుకి మూడు ఉంగరాలుంటాయి, ఎడమ, కుడి, మూడోది రెండింటికీ ఉమ్మడి ఎర్త్. ఎర్త్ తగలకపోతే రెండు స్పీకర్లూ ఎడమ కుడి మధ్య తేడానే వినిపిస్తాయి. గొంతు రెండు వైపులా సమానంగా రికార్డవుతుంది కాబట్టి కొట్టేసుకుపోతుంది. పిన్ను టక్కుమనేదాకా నొక్కగానే గొంతు తిరిగొస్తుంది. ఎన్నిసార్లు చూసినా నాకు ఇది ఆశ్చర్యంగానే ఉంటుంది.

మాటలు చిన్నగా, ఫైట్లు పెద్దగా వస్తుంటే సరౌండ్ ఆపండి, క్లియర్ వాయిస్ లాంటి మోడ్ పెట్టండి, నైట్ మోడ్ ఉంటే అదీ. ఇంట్లో పెద్దవాళ్లు "మాట అర్థం కావట్లేదు" అంటే వాల్యూమ్ పెంచకండి, బేస్ తగ్గించి ట్రెబుల్ కొంచెం పెంచండి. సన్నటి టీవీల స్పీకర్లు కిందికో వెనక్కో చూస్తుంటాయి. షోకేసు గూట్లో ఇరికిస్తే మాట లోపలే తిరుగుతుంది.

పెదవులకీ మాటకీ పొంతన లేకపోతే ఒకే చానల్‌లోనా అన్నిట్లోనా చూడండి. ఒక్కదాంట్లోనే అయితే మీ ఇంట్లో తప్పు లేదు. మాట వెనకబడుతుంటే బ్లూటూత్ తీసేసి వైరు వాడండి, ఆడియో డిలే సున్నా చేయండి. మాట ముందొస్తుంటే టీవీ బొమ్మను నగిషీ చెక్కడానికి సమయం తీసుకుంటోంది. సౌండ్‌బార్‌లో డిలేని కొంచెం కొంచెంగా పెంచుతూ, వార్తలు చదివేవాళ్ల పెదవులు చూస్తూ సరిచేయండి. సౌండ్‌బార్‌కి హెచ్‌డీఎంఐ వేస్తే టీవీలో ఏఆర్‌సీ అని రాసి ఉన్న పోర్టులోనే పెట్టాలి, టీవీ సౌండ్‌ని బయటికి పంపేది అదే. టీవీ సెట్టింగుల్లో సీఈసీ, అంటే హెచ్‌డీఎంఐ పరికరాలు ఒకదాన్నొకటి నడిపించుకునే ఎంపిక, కూడా వేయాలి. వేరే పోర్టులో పెడితే సౌండ్ రాదు.

గుయ్యిమనే హోరు నిరంతరంగా వస్తుంటే బాక్స్ వెనక డిష్ లేదా కేబుల్ వైరు తీసి చూడండి. హోరు ఆగిపోతే ఆ వైరు గుండా ఎర్తింగ్ తేడా వస్తోంది. టీవీని, బాక్స్‌ని, స్పీకర్లని ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్స్‌కి, ఎర్తింగ్ ఉన్న మూడు పిన్నుల ప్లగ్గుకి మార్చండి. వైరు ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటే ఇక టీవీ జోలికి పోకుండా ఎలక్ట్రీషియన్‌తో ఇంటి ఎర్తింగ్ చూపించండి.

మాట వేరే భాషలో వస్తుంటే బాక్స్ రిమోట్‌లో ఆడియో లేదా లాంగ్వేజ్ బటన్ నొక్కండి. పిల్లల చానళ్లు, ఆటల చానళ్లు కొన్ని ఒకేసారి రెండు మూడు భాషలు పంపుతాయి. తెర మీద జరిగేదంతా ఎవరో చదివి వినిపిస్తుంటే చూపు లేనివాళ్ల కోసం ఉన్న ఆడియో డిస్క్రిప్షన్ ఆన్ అయింది, యాక్సెసిబిలిటీలో ఆపొచ్చు.

ఉరుములు మొదలయ్యే ముందు

టీవీ ప్లగ్గు ఒక్కటే పీకితే చాలదు. డిష్ వైరు కూడా బాక్స్ నుంచి విప్పాలి. మెరుపు దెబ్బ ఆ వైరు గుండా దిగి, బాక్స్ దాటి, హెచ్‌డీఎంఐ గుండా టీవీ దాకా వస్తుంది. ఇది మబ్బు పట్టగానే చేయాలి. ఉరుములు నెత్తి మీదికి వచ్చాక వైరు ముట్టుకోవద్దు. రాత్రుళ్లు వోల్టేజీ బాగా పడిపోయే ఊళ్లలో టీవీ వెనక స్టిక్కర్ మీద ఎన్ని వోల్టుల నుంచి ఎన్ని వోల్టుల దాకా అని రాసి ఉంటుంది, అది చూసి స్టెబిలైజర్ కావాలో వద్దో తేల్చుకోండి.

మెకానిక్‌ని పిలిచేటప్పుడు

వారంటీ కార్డు ముందు చూడండి. వారంటీలో ఉండగా బయటివాళ్ల చేత మూత విప్పిస్తే కంపెనీ వారంటీ ఇవ్వనంటుంది. వారంటీ దాటితే మెకానిక్‌ని మూడు అడగండి: ఏ భాగం పోయింది, ఏ పరీక్షతో తేల్చారు, పాత భాగం తిరిగి ఇస్తారా. ప్యానెల్ పోయిందంటే అతని ముందే మెనూ తెరవండి, టార్చి వేసి చూపించమనండి. నిజంగా ప్యానెలే అయితే, టీవీ ధరలో పెద్ద వాటా దానిదే కాబట్టి కొత్తది కొనడం మేలు కావచ్చు. 2025 సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది, ఆ లెక్క కూడా వేసుకోండి. వారంటీలో ఉండి కూడా కంపెనీ తిప్పుతుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి.

తప్పు కనిపిస్తున్నప్పుడే సెల్‌లో పది సెకన్ల వీడియో తీసి పెట్టుకోండి. ఐదు సెకన్లు మామూలు బొమ్మ, ఐదు సెకన్లు టీవీ మెనూ తెరిచి. దాంతోపాటు టీవీ వెనక మోడల్ నంబరున్న స్టిక్కర్ ఫొటో. ఈ రెండూ పంపితే నాలాంటివాడు ఏ సామాను సంచిలో వేసుకుని రావాలో బయల్దేరకముందే తెలుసుకుంటాడు.